గాలి లీకు: లేదు

బస్సు డిపో వెనక వీధి, మేడ కింది గది
జనవరి 12

మరిదికి,

హారన్ లాంటి గొంతున్న హారనత్త అంటే ఈ వీధి వీధంతా వేలెత్తి చూపించే నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, మనవరాలితో కలిసి ఈ ఒంటి గదిలో కాపురం ఉంటూ, ఎదురింటి టైలరమ్మ చేత రాయిస్తున్న ఉత్తరం. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. కొడుకు పోయాడు. కోడలికి నేనే దగ్గరుండి మళ్లీ పెళ్లి చేశాను, దాని బతుకు అది బతుకుతోంది. సొంత మరిదికి ఈ పరిచయం ఏమిటత్తా అని టైలరమ్మ నవ్వుతోంది. ఏడాదికోసారి వచ్చి గంటసేపు కుర్చీ అంచున కూర్చుని పోయేవాడికి పరిచయం చేసుకోక తప్పదు, రాయి అన్నాను.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు అన్నిటికీ "ఆ, ఆ, సరే వదినా" అని పెట్టేస్తావు. కాగితమైతే నీ చేతిలో ఉంటుంది.

అసలు సంగతి. పిల్లకి మీ యార్డులో సీటు వచ్చింది. పెద్ద బళ్ల శిక్షణ, నాలుగు నెలలు. మూడేళ్లుగా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి దాని కాళ్లూ మనసూ రెండూ మొద్దుబారాయి. "నిలబడే ఉద్యోగం చాలు నానమ్మా, కదిలే ఉద్యోగం కావాలి" అంది. ఆడపిల్లకి లారీ ఏమిటని వీధిలో వాళ్లు నన్నడిగారు. తోలేది ఎవరో లారీకి పట్టింపు లేదు, మీకెందుకమ్మా అన్నాను.

నువ్వు అక్కడ హెడ్ ట్రైనర్‌వి. నీ చేతి కింద నాలుగు వందల మంది డ్రైవర్లు తయారయ్యారని చెప్పుకుంటావు. నీ గొప్పల్లో నాలుగోవంతు తీసేసినా మూడు వందల మంది, అదీ తక్కువేం కాదు. దాన్ని నీ బండికే వేయించుకో. పరాయివాడి పక్కన నాలుగు నెలలు కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. నువ్వైతే ఇంటివాడివి. పైగా బండి గొంతు విని దాని జబ్బు చెప్పేవాడివి. "వీడి చెవి ఉండగా మెకానిక్కులు దండగ" అని మీ అన్న అనేవాడు, గుర్తుందా?

మీ అన్న పక్కసీట్లో పదకొండేళ్లు తిరిగినదాన్ని కాబట్టి పిల్లకి చెప్పాల్సినవి చెప్పి పంపుతున్నాను. క్యాబిన్ ఎక్కినా దిగినా రెండు కాళ్లూ ఒక చేయీ, లేదంటే రెండు చేతులూ ఒక కాలూ బండిని పట్టుకుని ఉండాలి, దూకావంటే మీ తాత మోకాళ్లే నీకూ వస్తాయి అన్నాను. వెనక్కి తీసేటప్పుడు అనుమానం వస్తే దిగి చూడు, పదిసార్లు దిగినా సిగ్గుపడకు అన్నాను. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటుంది. చిన్నతాత ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆయన చూసిన చోట నువ్వు మళ్లీ చూడకు, అది పెద్దవాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చినట్టు. ఎదురు చెప్పావని నాకు తెలిసిందా, ఈ గడప తొక్కొద్దు అన్నాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, తలూపింది.

కాబట్టి నీకు దానితో తలనొప్పి ఉండదు. నా ఒళ్లు బాగానే ఉంది, నడుమూ కళ్లూ తప్ప.

వదిన
(వేలిముద్ర)


శిక్షణ యార్డు, రెండో షెడ్డు
ఫిబ్రవరి 20

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యం చేశాను. పొద్దున అయిదున్నరకే యార్డులో ఉండాలి, సాయంత్రం గదికి వచ్చాక బూట్లు విప్పుకోవడానికి కూడా ఓపిక కూడదీసుకోవాలి. ఈ వయసులో ఇంకొకరికి నేర్పడమంటే నేను తిరిగిన దూరమంతా మళ్లీ కాలినడకన తిరిగినట్టుంది.

పిల్లని నా బండికే తీసుకున్నాను. మొదటి వారం మేము ఎవరికీ స్టీరింగ్ ఇవ్వం. బండి చుట్టూ నడిపిస్తాం, అంతే. ముందు ఎడమ చక్రం దగ్గర మొదలుపెట్టి టైర్లు, నట్లు, లైట్లు, ట్రైలర్ తగిలించే కొక్కెం, గాలి గొట్టాలు చూసుకుంటూ మళ్లీ మొదలుపెట్టిన చోటికి రావాలి. చెకింగ్ షీటులో ఇరవై రెండు గడులుంటాయి. రోజూ పొద్దున అదే నడక, అవే గడులు. కొత్తవాళ్లకి అది పనిలా కనిపించదు. నిన్న బాగున్న బండి ఇవాళ ఎందుకు బాగోదు సార్ అంటారు. నిన్న ఆ బండి ఎనిమిది వందల కిలోమీటర్లు పోయొచ్చింది బాబూ, నువ్వు పోతే నీకూ తెలిసేది అంటాను.

ఎనిమిదో గడి గాలి లీకు. పెద్ద బండికి బ్రేకు పట్టేది గాలితోనే కదా. ఇంజన్ ఆపేసి, పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర బిగించి, కిందకి దిగి ఊపిరి బిగబట్టి చక్రం చక్రం దగ్గరా వినాలి. ఎక్కడైనా బుస్సుమంటే ఆ రోజుకి ఆ బండి గేటు దాటదు. ముందు శిష్యులు వింటారు, తర్వాత నేను వింటాను. షీటు మీద ఇద్దరం సంతకం పెడతాం.

పిల్ల అద్దాలు చక్కగా చూస్తోంది. వెనక్కి తీయడమే ఇంకా చేతికి రాలేదు. ట్రైలర్ కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి. అది ఆలోచించి తిప్పుతుంది, ఆలోచించేలోపు ట్రైలర్ మడతపడుతుంది. ఇప్పటికి పదకొండు ప్లాస్టిక్ కోన్లు తొక్కింది. వాళ్ల బ్యాచ్‌లో ఒకడు పోయిన కోన్లన్నిటికీ వరసగా నివాళి అర్పిస్తున్నాడు. అది కూడా నవ్వుతుంది, మళ్లీ ఎక్కి తీస్తుంది. వస్తుందిలే.

ఎదురు చెప్పదు. అలాంటి పిల్లలు ఇప్పుడు లేరు.

జూన్ ఆఖరుకి నా రిటైర్మెంట్. ఈలోగా ఫోన్ చేయకు వదినా, యార్డులో ఒకటే గోల. ఏదైనా ఉంటే రాయి.

మరిది


బస్సు డిపో వెనక వీధి
మార్చి 9

మరిదికి,

ఆదివారం పిల్ల వచ్చింది. వచ్చీ రాగానే బూట్లతోనే మంచం మీద పడి సాయంత్రం దాకా లేవలేదు. నేనే విప్పాను. అరికాళ్ల నిండా బొబ్బలు. బండి తోలడం నేర్పుతున్నారా, బండి వెనక పరుగెత్తిస్తున్నారా?

లేచాక టీ తాగుతూ ఒక మాటంది. "చిన్నతాత మంచివాడే నానమ్మా, కానీ నేనడిగేది ఒకటి, ఆయన చెప్పేది ఒకటి. ఒక్కోసారి అసలు పలకనే పలకరు" అంది. నువ్వడిగేది అంత పసలేనిదైతే ఎవరు పలుకుతారు, ముందు అడగడం నేర్చుకో అని కసిరాను. గ్లాసు కడగడానికి లేచి వెళ్లింది.

ఇంకొకటి నేర్పు దానికి. తోలడం ఎవరైనా నేర్పుతారు, కాచుకుని కూర్చోవడం ఎవరూ నేర్పరు. గోదాము దగ్గర ఆరు గంటలు ఎండలో నిలబెడతారు, అరగంటలో లోడు పడేస్తారు, ఇక అప్పట్నుంచి ఆలస్యమైంది, ఆలస్యమైందని నెత్తిన కూర్చుంటారు. ఆ తొందర వాళ్లది, నీది కాదని చెప్పు. కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కకి ఆపెయ్యాలని చెప్పు. మీ అన్న ఆపేవాడు కాదు. పక్కన కూర్చుని నేను పదకొండేళ్లు నిద్రపోలేదు. ఆ నిద్ర ఇప్పటికీ బాకీ ఉన్నట్టే ఉంటుంది నాకు.

వదిన
(వేలిముద్ర)


శిక్షణ యార్డు, ఆడవాళ్ల గది
ఏప్రిల్ 17

నానమ్మకి,

టైలర్ ఆంటీ, ఇది నెమ్మదిగా చదవండి. నానమ్మని ముందు కూర్చోబెట్టండి.

నాకేం కాలేదు. నిన్న మధ్యాహ్నం లోడుతో వెనక్కి తీసే పరీక్ష పెట్టారు. గోదాము అరుగు వైపు నేల కొంచెం పల్లంగా ఉంటుంది. ట్రైలర్ తిన్నగానే పోయింది, అంత తిన్నగా నేనెప్పుడూ తీయలేదు. అరుగుకి రెండు గజాలుందనగా బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు పట్టుకున్నాయి కానీ ట్రైలర్ ఆగలేదు, బరువంతా వెనక్కి లాగేసింది. అరుగు దగ్గర ఒక హమాలీ ఉన్నాడు. ఆయన కుడి కాలు ట్రైలర్‌కీ అరుగుకీ మధ్య నలిగింది. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు సంగతి ఇంకా చెప్పలేదు.

వెనక రెండు చక్రాల దగ్గర గాలి పట్టే రబ్బరు పొర చిరిగి ఉందట. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే లీకవుతుందట. పొద్దున షీటులో ఎనిమిదో గడిలో "లేదు" అని రాసి ఉంది. అది నా రాత. కింద సంతకం నాది.

నన్ను శిక్షణ నుంచి ఆపారు. విచారణ అయ్యేదాకా ఇంటికి పొమ్మన్నారు. శుక్రవారం వస్తాను. నన్ను ఏమీ అడగొద్దు నానమ్మా. అరవొద్దు కూడా.

నీ మనవరాలు


శిక్షణ యార్డు, రెండో షెడ్డు
ఏప్రిల్ 22

వదినకు,

జరిగింది పిల్ల చెప్పే ఉంటుంది. నాకూ బాధగానే ఉంది. ముప్పై ఏళ్లలో నా షెడ్డు బండి వల్ల మనిషికి దెబ్బ తగలడం ఇదే మొదటిసారి.

కంపెనీ నా వాంగ్మూలం తీసుకుంది. ఆ రోజు పొద్దున గాలి లీకు చూడటం ఆ అమ్మాయి వంతు, నేను అడిగితే లేదని చెప్పింది, షీటు చూసి నేను సంతకం పెట్టాను అని చెప్పాను. రాతపూర్వకంగా ఉన్నది అదే. మే 24న విచారణ కమిటీ కూర్చుంటుంది. తప్పుడు చెకింగ్ అని తేలితే దాని పేరు అన్ని యార్డులకీ పంపుతారు. మూడేళ్ల దాకా ఎక్కడా పెద్ద బండి ఎక్కనివ్వరు. నేను చేయగలిగింది ఏమీ లేదు. చిన్న వయసు, ఇంకో దారి దొరుకుతుంది. మందుల షాపువాళ్లు మళ్లీ తీసుకోరా?

ఆరోగ్యం జాగ్రత్త.

మరిది


బస్సు డిపో వెనక వీధి
మే 3

మరిదికి,

"ఆ అమ్మాయి" అని రాశావు. మూడుసార్లు చదివించుకున్నాను. మన పిల్ల, మా పిల్ల అన్న నోరు నాలుగు రోజుల్లో "ఆ అమ్మాయి" అన్నదంటే ఎక్కడో ఏదో కుళ్లిందని అప్పుడే అనుకున్నాను.

అది వచ్చి పదిహేను రోజులైంది. తింటుంది, పడుకుంటుంది, గోడ చూస్తుంది. "నేనే సరిగ్గా వినలేదు" అంటుంది, అంతకు మించి ఒక్క ముక్క రాలదు. నేనూ నమ్మాను. తిట్టాను కూడా. మనిషి కాలు పోగొట్టావు కదే అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలని ఉంది.

మొన్న మధ్యాహ్నం అది గడపలో కూర్చుని ఉంది. వీధికి అటువైపు టైలరమ్మ మిషన్ తొక్కుతోంది. మధ్యలో ఆటోలు, స్కూలు వదిలిన పిల్లలు, పైన మేడ మీద ఎవరిదో టీవీ. ఇది కూర్చున్న చోటి నుంచే "ఆంటీ, మీ మిషన్ బెల్టు జారుతోంది, బిగించుకోండి" అంది. టైలరమ్మ వంగి చూసుకుంది. జారుతున్న మాట నిజమే. రోజంతా దాని మీదే కూర్చున్నదానికి తెలియలేదు. (ఇది రాయనంటోంది. రాయి, నిజమేగా అన్నాను.)

వీధి అవతల బెల్టు జారడం విన్న చెవికి, మోకాలి పక్కనున్న చక్రం బుస్సుమంటే వినపడదా?

అప్పుడు పట్టుకున్నాను దాన్ని. మూడు రోజులు వదల్లేదు. అన్నం ముందు అడిగాను, బట్టలు ఉతుకుతూ అడిగాను, దాని పక్కన పడుకుని అడిగాను. నిన్న విసిగిపోయి చెప్పేసింది. "విన్నాను నానమ్మా. వెనక చక్రాల దగ్గర సన్నగా బుస్సుమంది. చిన్నతాతా, ఇక్కడ ఏదో వస్తోంది అని చెప్పాను. ఆయన వచ్చి వంగి విన్నారు. ఏమీ లేదు, లేదని రాయి అన్నారు. ఇంకోసారి వినండి అన్నాను. ముప్పై ఏళ్ల నా చెవి కంటే మూడు నెలల నీ చెవి గొప్పదా అన్నారు. అందరూ నవ్వారు. ఎదురు చెప్పొద్దని నువ్వన్నావుగా. రాసేశాను."

మరి ఇదంతా కంపెనీవాళ్లకి ఎందుకు చెప్పలేదే అన్నాను. "జూన్‌లో ఆయన రిటైర్మెంట్ నానమ్మా" అంది.

ఇప్పుడు నువ్వు చెప్పు. అది లేదని చెప్పిందా, నువ్వు లేదనిపించావా? నీళ్లు నమలకుండా రాయి. నాకు ఎక్కువ రోజులు ఓపిక పట్టే వయసు లేదు, నీకు తెలుసు.

వదిన
(వేలిముద్ర)


గది నుంచి
మే 11

వదినా,

టైలరమ్మా, ఇది వదినకి తప్ప ఇంకెవరికీ చదవకమ్మా. నీకు చేతులెత్తి దండం పెడతాను.

అది చెప్పిందే నిజం.

నాకు రెండేళ్లుగా సన్నటి చప్పుళ్లు వినపడవు. ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిది సగం. ఇంజన్ గొంతు వినపడుతుంది, మనుషుల మాట పెదవులు చూసి పోల్చుకుంటాను. ఫోన్‌లో పెదవులు కనపడవు. అందుకే వద్దన్నాను. ట్రైనర్‌కి చెవి పోయిందని తెలిస్తే ఆ రోజే షెడ్డు నుంచి పంపేస్తారు. రూలు అలా ఉంది, అది మంచి రూలే. నేనే ఇరవై ఏళ్ల కింద ఒక ట్రైనర్‌ని అలా పంపించాను.

మరి ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చానంటావు. శిష్యుల మొహాలు చూసి. వాళ్లు చెవి పెట్టి విని మామూలుగా లేస్తే లీకు లేనట్టు, కనుబొమ్మ ముడిపడితే ఉన్నట్టు. ఆ రోజు మన పిల్ల మొహం ముడిపడింది. నేను చూశాను. చూసి వంగాను. నాకు ఏమీ వినపడలేదు. వెనకాల ఏడుగురు నిలబడి నా వైపే చూస్తున్నారు. అది "ఇంకోసారి వినండి" అనగానే నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు. కానీ అది ఎదురుగా ఉంది. ఆ మాట అనేశాను.

వదినా, నాలుగు వందల మంది అని నేను చెప్పింది గొప్ప కాదు, లెక్క ఉంది, నాలుగు వందల పదహారు మంది. వాళ్లంతా బళ్లు తోలుకుంటూ ఎక్కడెక్కడో ఉన్నారు. మా సారు ఇంజన్ విని జబ్బు చెప్పేవాడు అని చెప్పుకుంటారు. ఇప్పుడు మా సారు చెవిటివాడు, మనవరాలి మీద తోసేశాడు అని చెప్పుకుంటారు. ఇంకో నెలన్నర. అంతవరకు నన్ను వదిలెయ్. దానికి ఇరవై నాలుగేళ్లు. మూడేళ్లు పోయినా ఇరవై ఏడు. నాకు మూడేళ్ల తర్వాత ఏముంటుంది?

నేను అలిసిపోయాను వదినా. రోజంతా మొహాలు చదవడం బండి తోలడం కంటే కష్టం.

ఈ కాగితం చించెయ్యి.

మరిది


బస్సు డిపో వెనక వీధి, మేడ కింది గది
మే 20

కంపెనీ విచారణ కమిటీ పెద్దలకు,

ఇది మీరడిగిన కాగితం కాదు. నన్నెవరూ సాక్ష్యానికి పిలవలేదు. మీరు శిక్షణ నుంచి ఆపిన అమ్మాయికి నానమ్మని, మీ రెండో షెడ్డు హెడ్ ట్రైనర్‌కి వదినని. వయసు డెబ్బై రెండు. ఆ ఇద్దరిలో ఎవరి మాట నిలిచినా పడిపోయే రెండోవాళ్లూ నా ఇంటివాళ్లే. అది తెలిసే చెప్తున్నాను.

ఆ ఏప్రిల్ పొద్దున నేను మీ యార్డులో లేను. అక్కడ ఏం జరిగిందో నా పిల్ల నాకు చెప్పింది, అది మీకు తనే చెప్తుంది. చెప్పకపోతే ఈసారి నిజంగానే గడప తొక్కనివ్వను. నా మరిది నాకు ఒక ఉత్తరం రాశాడు. అది నా దగ్గరే ఉంది. చించలేదు, మీకూ ఇవ్వను. అది నాకు రాసుకున్నది. నేను మీకు చెప్పేది నేను చేసింది మాత్రమే.

కిందటి డిసెంబరులో నా మరిది మా ఇంటికి వచ్చాడు. వెళ్లేటప్పుడు సాగనంపడానికి వీధిలోకి వచ్చాను. ఒక సరుకుల వ్యాను వెనక్కి వస్తోంది. వెనక్కి వచ్చే బండి కూత మీకు తెలుసు, చచ్చినవాణ్ణి లేపేంత కూత. నా మరిది దానికి వీపు పెట్టి నిలబడి బస్సు టైము గురించి చెప్పుకుంటున్నాడు. అడుగు దూరం దాకా వచ్చినా కదల్లేదు. కాలరు పట్టుకుని ఇవతలకి లాగాను. "ఏంటి వదినా, నలుగురూ చూస్తున్నారు" అని నవ్వాడు. ముప్పై ఏళ్లు బళ్ల మధ్య బతికినవాడు అది విననట్టు ఊరికే ఉండడు. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

తెలిసీ, నెల తిరక్కుండా, నా పిల్లని అతని బండికే వేయించుకోమని రాయించాను. ఎందుకంటే పరాయి మగాడి పక్కన నాలుగు నెలలు కూర్చోబెట్టడానికి నాకు భయం. ఇంటివాడి చెవుడు కంటే బయటివాడి చూపే నాకు పెద్ద ప్రమాదంగా తోచింది. పైగా చిన్నతాతకి ఎదురు చెప్పొద్దు, ఆయన చూసినచోట మళ్లీ చూడొద్దు అని దాని చేత ఒట్టు పెట్టించినంత పని చేశాను. అది మార్చిలో వచ్చి, అడిగినదానికి ఆయన పలకడం లేదని చెప్తే, కసిరి నోరు మూయించాను. చెవి పోయిందని ఆయన దాచాడు. తెలిసి నేనూ దాచాను. నోరున్న పిల్ల నోరు నేనే కుట్టేశాను.

మొన్న రెండు బస్సులు మారి ఆస్పత్రికి వెళ్లి ఆ హమాలీని చూశాను. కాలికి ఇనుప కడ్డీలు బిగించారు. ఇదంతా ఆయనకీ చెప్పాను. చివరిదాకా విని, "తప్పెవరిదో మీరు మీరు తేల్చుకోండమ్మా, మళ్లీ నేనెప్పుడు మూట ఎత్తుతానో అది చెప్పండి" అన్నాడు. పక్కన ఆయన భార్య నాకు కుర్చీ వేసింది. నేను కూర్చోలేకపోయాను. ఆయన ప్రశ్నకి జవాబు మీరే ఇవ్వాలి, నా వల్ల కాదు.

నా పిల్ల తప్పు లేదని నేను అనను. విన్న చప్పుడుని లేదని రాసింది. దానికి శిక్ష వేయండి. కానీ వినలేదన్న శిక్ష వేయకండి. అది విన్నది, విని చెప్పింది, రెండోసారి కూడా చెప్పింది. మూడోసారి చెప్పకుండా ఆపింది నా మాట. దాన్ని మళ్లీ మొదటి రోజు నుంచి, బండి చుట్టూ నడిచే దగ్గర నుంచి, ఇంకెవరి చేతి కిందనైనా పెట్టి నేర్పండి. ఆడో మగో, పరాయో, ఎవరైనా సరే. నాకిప్పుడు ఆ భయం లేదు.

కొత్తవాళ్లకి మొదటి వారం మీరు చాలా నేర్పుతారట. ఇంకొకటి కలపండి. ఎనిమిదో గడిలో విన్నవాడు విన్నది రాయాలి. పక్కన నిలబడ్డది ట్రైనరైనా, తాతైనా, ఇంట్లో కూర్చున్న నానమ్మ ఏం చెప్పి పంపినా సరే.

నా మరిదిని ఏం చేయాలో నేను చెప్పను. నా పెళ్లినాటికి అతనికి మీసం రాలేదు. దీని నకలు ఒకటి అతనికి ముందే పంపాను. ఎవరి వెనక మాట్లాడటం నాకు అలవాటు లేదు.

నాకు చదువు రాదు. నేను చెప్పగా రాసిన ఈ కాగితాన్ని ఇవాళ సాక్షుల ముందు పైనుంచి కిందదాకా చదివించుకుని, నేనన్నది అన్నట్టే ఉందని ఒప్పుకుని, ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(వేలిముద్ర)
హారనత్త

సాక్షులు:

ఒకటి. ఎదురింటి టైలరమ్మ. రాసింది నేనే. ఆవిడ చెప్పినవాటిలో రెండు తిట్లు వదిలేశాను, మిగిలినవన్నీ ఉన్నాయి.

రెండు. పైన చెప్పిన మరిదిని, రెండో షెడ్డు హెడ్ ట్రైనర్‌ని. పొద్దున బస్సుకి వచ్చాను. టైలరమ్మ ఇది చదువుతున్నప్పుడు పక్కనే కూర్చున్నాను. నాకు వినపడలేదు. కాగితం అడిగి తీసుకుని నేనే చదువుకున్నాను. నిజమే. ఏప్రిల్ 16 పొద్దున ఆ పిల్ల ఉందని చెప్పింది, లేదన్నది నేను. నేను ఇంతకుముందు మీకిచ్చిన వాంగ్మూలం అబద్ధం.
(సంతకం)